సికింద్రాబాదు పారసీకులు

సూరారమునుండి నర్సాపూరు రోడ్డున ఉత్తరముగా సాగినచో గండిమైసమ్మ కూడలియు, దానికావల దుండిగల్లును వచ్చును. అచ్చటి వాయుసేన విద్యాలయమునుండి లేచిన శిక్షణవిమానములు ఈ ప్రాంతముపై చుట్లు తిరుగుచుండును. సూరారపు బడులలో పాఠము చెప్పు పంతులుగారు ఆ మ్రోతకు ఒక్క క్షణమాగి, విమానము దూరమైన పిదప విడిచిన వాక్యమునే మరల నందుకొందురు. పిల్లలకది అలవాటైపోయిన విరామము.

ఆ విద్యాలయమునకు నాటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేను గారు శంకుస్థాపన చేసినది 1967లో. ఆ సంవత్సరాంతముననే, సికింద్రాబాదున పుట్టిన ఇరువది యేండ్ల యువకుడొకడు వాయుసేనలో అధికారిగా చేరెను. హెలికాప్టరు చోదకుడుగా పేరు గడించి, 2007లో భారత వాయుసేనకు అధిపతి యయ్యెను. ఆ పీఠము నెక్కిన తొలి హెలికాప్టరు చోదకుడు ఆయనయే. పేరు ఫాలీ హోమీ మేజర్. హిమాచల ప్రదేశమున పర్వాణూ వద్ద రెండు కొండల నడుమ తీగపై నడచు బండి యొకటి 1992 అక్టోబరులో త్రాడు తెగి, లోయమీద నడిమధ్యను నిలిచిపోయినది. అప్పుడు మేజర్ గారు తన హెలికాప్టరును ఆ తీగలకు పైన, రెక్కలు తగులకుండ, కదలకుండ ఆకాశమున నిలిపిరి. త్రాటిపై బండిలోనికి దిగిన సైనికుడు ఒక్కొక్కరినే పైకి పంపెను. చీకటి పడినందున కొందరిని తెచ్చుట మరునాటికి మిగిలెను. చిక్కుపడినవారిలో పదిమంది ప్రాణములతో బయటపడిరి. ఆయనకు శౌర్యచక్రము లభించినది ఆ పనికే.

ఈ పేరు వినగానే విద్యార్థులడుగు మొదటి ప్రశ్న, ఈయన ఏ దేశపువాడు అని. సికింద్రాబాదువాడనుట సరియైన సమాధానమే. కాని పూర్తి సమాధానము కాదు. ఆయన పార్సీ. 2011 జనాభా లెక్కలలో దేశమంతటను కలిపి పార్సీలు 57,264 మంది. సూరారము చేరియున్న కుత్బుల్లాపురము శాసనసభా నియోజకవర్గపు ఓటర్లలో పదవవంతునకు ఈ జాతి మొత్తము సాటిరాదు. ఇంత కొద్దిమంది, ఇంత దూరమునుండి వచ్చినవారు, తెలుగుసీమకు ఏమి చేసిరి? ఈ సీమ వారికేమి చేసినది? రెండవ ప్రశ్నకు సమాధానము అంత సుఖమైనది కాదు.

పారసీకులన్న మాట మన కావ్యపాఠకులకు క్రొత్తది కాదు. రఘువంశము నాల్గవ సర్గలో రఘుమహారాజు దిగ్విజయమునకు వెడలి పారసీకులను జయించినట్లు కాళిదాసు వర్ణించెను. అమరకోశము మేలుజాతి గుఱ్ఱములను లెక్కించుచు పారసీకములను పేర్కొన్నది. అనగా మన పూర్వులకు వారు యుద్ధమున ఎదిరి, సంతలో గుఱ్ఱము. నేటి పార్సీలు వేరొక దారిని వచ్చిరి. క్రీస్తుశకము 651లో చివరి సాసానీయ చక్రవర్తి యజ్దెగర్దు మరణముతో ఇరానులో జరథుష్ట్ర మతమునకు రాజాశ్రయము పోయినది. ఆ మతమును విడువనొల్లని కొందరు ఓడలెక్కి గుజరాతు తీరమున సంజాను వద్ద దిగిరి. వచ్చిన కాలమును గురించి ఎనిమిదవ శతాబ్దమని కొందరును, పదవ శతాబ్దమని కొందరును లెక్కలు చెప్పుదురు.

అప్పటి పాలగిన్నె కథ తెలియని ఉపాధ్యాయుడుండడు. ఊరు నిండియున్నదను సంకేతముగా రాజు అంచువరకు పాలు నింపిన గిన్నెను పంపగా, వారి పెద్ద అందులో పంచదార కలిపి, చుక్కయు ఒలుకకుండ తిరిగి పంపెనట. చిత్రమేమన, ఈ జాతి తన రాకను గురించి చెప్పుకొను 'కిస్సా ఇ సంజాను' అను పారసీక కావ్యములో ఈ కథ లేదు. 1599 ప్రాంతమున బహ్మను అను పురోహితుడు రచించిన ఆ కావ్యములో నున్నవి రాజు విధించిన షరతులు. మీ భాష విడిచి మా భాష పలుకవలెను, మీ స్త్రీలు మా స్త్రీలవలె కట్టుకొనవలెను, ఆయుధములు దింపవలెను, పెండ్లిండ్లు ప్రొద్దుగూకిన తరువాత జరుపుకొనవలెను. పంచదార కథ వినుటకు తీయన. షరతుల కథ బ్రదుకునకు దగ్గర. వారు షరతులకు ఒప్పుకొనిరి. గుజరాతీ వారి యింటిభాష యయ్యెను, చీర వారి స్త్రీల కట్టు అయ్యెను. అగ్నిని మాత్రము విడువలేదు.

ఆ అగ్నికిని మన యజ్ఞకుండమునకును చుట్టరికము కలదు. వారి వేదమగు అవెస్తా భాష మన ఋగ్వేద భాషకు తోబుట్టువు. మన 'సప్త' వారికి 'హప్త'. మన 'సోమము' వారికి 'హఓమ'. మన 'అసుర' శబ్దము వారి నోట 'అహుర' యైనది. కాని మనకు అసురులు దుష్టులు కాగా, వారి అహుర మజ్దా సర్వజ్ఞుడైన పరమేశ్వరుడు. ఋగ్వేదములో వరుణాదులను 'అసుర' అని స్తుతించిన చోట్లు కలవని జ్ఞాపకము తెచ్చుకొన్నచో, ఇల్లు ఒకటియై యుండి గోడ తరువాత లేచినదని తోచును. మన ఉపనయనము వంటిది వారికిని కలదు; దానిని నవ్‌జోత్ అందురు. తెల్లని చొక్కా తొడిగి, నడుమునకు ఉన్నిత్రాడు చుట్టుదురు. అయితే అది ఆడపిల్లలకును చేయుదురు. ఈ యొక్క విషయమునందు వారు మనకంటె ముందున్నారనుటకు సంకోచింప బనిలేదు.

గుజరాతునుండి సూరతునకును, బొంబాయికిని, అటనుండి ఆంగ్ల సైన్యము విడిసిన పట్టణములకును పార్సీలు వర్తకులై సాగిరి. 1798 నాటి సంధితో హైదరాబాదు ప్రక్కన దిగిన కుంపిణీ సైన్యపు విడిది, 1806లో నిజాము సికందర్ జా పేర సికింద్రాబాదైనది. దండు విడిసిన చోట సరకు కావలెను, రొక్కము కావలెను. ఆ రెండును తెచ్చినవారిలో విక్కాజీ మెహర్జీ, పెస్తన్‌జీ మెహర్జీ అను సోదరులు ముఖ్యులు. వారిది బొంబాయికి ఉత్తరమున సముద్రపు టొడ్డుననున్న తారాపూరు.

ఆ సోదరుల చరిత్ర ఒక నవలకు తగినది. నాడు నిజాము రాజ్యములోనిదగు బీరారు నల్లరేగడి నేలలలో పండు పత్తిని 1825–26 ప్రాంతమున తొలిసారిగా బొంబాయి రేవునకు తరలించినవారు వారే. రైలులేదు, గట్టి బాటలేదు; ఎద్దులపై మోయించి కొండకనుమలు దాటింపవలెను. పత్తిని బిగించి బేళ్లు కట్టు మరలను ఖాంగావ్ మున్నగు చోట్ల నెలకొల్పిరి. ఆ సమయముననే నిజాము ఖజానా అడుగంటియుండెను. ప్రభుత్వమును నడుపుచున్న మహారాజా చందూలాల్ ఏ వైపునుండి అప్పు పుట్టినను తెచ్చుచుండెను. అంతకుముందు రాజ్యమునకు అప్పులిచ్చిన పామరు కంపెనీ 1824లో కూలిపోయినది. ఆ స్థానమును మెహర్జీ సోదరులు ఆక్రమించిరి. వారిచ్చిన లక్షలకు బదులుగా బీరారు, ఔరంగాబాదు ప్రాంతపు జిల్లాల శిస్తు వారికి తాకట్టు పడినది. ఔరంగాబాదు టంకశాల వారి యాజమాన్యమున నడచినది. అందు వెలువడిన రూపాయిని జనులు 'పెస్తన్‌శాహీ' అని పిలిచిరి. ఒక వర్తకుని పేర రూపాయి చెలామణి యగుట సామాన్య విషయము కాదు. అది అతని వైభవమునకు శిఖరము; అతని పతనమునకు కారణమును బహుశః అదియే.

సుమతీ శతకకారుడు మనిషి నివసింపదగిన ఊరి లక్షణములలో అప్పిచ్చువానిని లెక్కించెనే కాని, రాజునకు అప్పిచ్చువాని గతి యేమగునో చెప్పలేదు. చందూలాల్ 1843లో పదవి విడిచెను. 1845లో క్రొత్త ప్రభుత్వము అప్పు తీర్పకయే తాకట్టు జిల్లాలను లాగికొన్నది. సోదరులు కుంపిణీ ప్రభుత్వమునకు మొరపెట్టుకొనిరి; వారి గోడు సముద్రము దాటి ఇంగ్లాండు వరకును పోయినది. ఎవ్వరును ఆలకింపలేదు. కొలది యేండ్లలో ఆ మహావ్యాపారము మూతపడెను. ఇంతటితో కథ ముగిసినచో అది ఒక షావుకారు దివాలా మాత్రమే. కాని ఎనిమిదేండ్ల తరువాత, 1853లో, అదే బీరారును తమ పటాలపు జీతపు బాకీ క్రింద ఆంగ్లేయులు నిజామునుండి తీసికొనిరి. ఇరువురును ఋణదాతలే. వెనుక ఫిరంగులున్న ఋణదాతకు దేశము దక్కినది; వెనుక పద్దుపుస్తకములున్న ఋణదాతకు ఏమియు దక్కలేదు.

ఇక ఈ చరిత్రలో మరవరాని సంవత్సరము 1847. జిల్లాలు చేజారిన రెండేండ్లకు, వ్యాపారము క్రుంగుచున్న ఆ రోజులలో, సికింద్రాబాదున జేమ్సు వీధిలో, అనగా నేటి మహాత్మాగాంధీ రోడ్డున, ఆ సోదరుల పేర అగ్నిమందిరము వెలసినది. మిగిలిన ధనమును మూటగట్టి తారాపూరు చేరవచ్చును. అట్లు చేయక, మోసపోయిన ఊరిలోనే శాశ్వతముగా నివసింపబోవు వారివలె గుడి కట్టుకొనిరి. అగ్నిని నిలిపిన చోటును విడిచి పోవుట వారికి సులభము కాదు. ఆ అగ్నిని నిత్యము కాచుటకు పురోహితుడును, పురోహితుని పోషించుటకు సమాజమును ఉండితీరవలెను.

ఉండిరి. 1874లో వాడీనుండి సికింద్రాబాదునకు రైలు వచ్చినది. దానితో మరికొన్ని కుటుంబములు చేరినవి. వర్తకులు, గుత్తేదారులు, వైద్యులు, ఉద్యోగులు. పార్సీల ఇంటిపేర్లు వృత్తులే యగుటచే కాంట్రాక్టర్, ఇంజనీర్, దారూవాలా వంటి పేర్లు చూచి పిల్లలు నవ్వుదురు. మన కరణమువారును, వైద్యులవారును అట్టివారే కదా. చెనాయ్, చెనోయ్ కుటుంబములవారు ఇక్కడ ప్రసిద్ధులు. హైదరాబాదు అబిడ్సు చెంత తిలక్ రోడ్డున 1904లో వెలసిన అగ్నిమందిరము మాణెక్‌బాయి నస్సర్వాన్‌జీ చెనోయ్ పేర నున్నది. సికింద్రాబాదున రెండవ మందిరము 1920లో ఎదల్జీ సొరాబ్జీ చెనాయ్ పేర వచ్చినది. నేడు కంప్యూటరు సామగ్రికై విద్యార్థులు ఎగబడు పార్కులేను 'సీటీసీ' అసలు పేరు చెనోయ్ ట్రేడ్ సెంటర్ అని వారిలో ఎందరికి తెలియును?

రాజ్యము వర్తకునకు చేసిన అన్యాయమును ఉద్యోగి మరచినట్లున్నది. ఫరీదూన్‌జీ జంషెద్‌జీ అను పార్సీ నిజాము కొలువున చేరి, ఒకరి తరువాత ఒకరుగా దివానులు మారుచున్నను తాను మాత్రము వారి ఆంతరంగిక కార్యదర్శియై నిలిచెను. సాలార్జంగులు పోయిరి, పైగా నవాబులు వచ్చిరి, మహారాజా కిషన్‌ప్రసాదు వచ్చెను. కాగితములు చూచువాడు ఆయనయే. ఫరీదూనుల్ముల్కు అను బిరుదుతో 1922నుండి రెండేండ్లు రాజ్య కార్యనిర్వాహక మండలికి అధ్యక్షత వహించి, 1928లో కన్నుమూసెను. ఏ రాజ్యము 1845లో ఒక పార్సీ తాకట్టును త్రోసిపుచ్చినదో, అదే రాజ్యము డెబ్బది యేడేండ్లకు మరియొక పార్సీని తన మంత్రిమండలి పీఠముపై కూర్చుండబెట్టినది. చరిత్ర బాకీలు ఇట్లు తీరునని కాదు. పెస్తన్‌జీ పద్దు పద్దుగానే నిలిచియున్నది.

తెలుగు పాఠకులకు వీరితో ఇంతకంటె దగ్గర సంబంధము నాటకరంగమున కలదు. బొంబాయి పార్సీలు స్థాపించిన విక్టోరియా నాటక మండలి 1872లో మొదటి సాలార్జంగు ఆహ్వానమున హైదరాబాదు వచ్చి ప్రదర్శనలిచ్చినది. పిదప అట్టి కంపెనీలు రైలు పోయినంత దూరము పోయినవి. చిత్రించిన తెరలు, గాలిలో తేలు దేవతలు, హార్మోనియము, ఇంపైన హిందుస్తానీ బాణీలు చూచి వినిన తెలుగు పట్టణములు మత్తెక్కినవి. 1886లో బళ్ళారియందు సరసవినోదినీ సభ స్థాపించిన ధర్మవరం కృష్ణమాచార్యులుగారి కాలమునుండి తెలుగు నాటకమున పద్యము మనదిగానే నిలిచినది గాని, పాటల శిరస్సున 'పార్సీ మట్టు' అను సూచన కనబడసాగినది. పండితులు ముక్కు విరిచిరి. జనులు టిక్కెట్టు కొనిరి. ఏ నాటక చరిత్రకారుడైనను ఈ రెండవ వర్గమును లెక్కింపక తప్పదు.

ఆ ఋణము తెరమీదికిని సాగినది. భారతదేశపు తొలి శబ్దచిత్రము 'ఆలం ఆరా'ను 1931 మార్చి 14న విడుదల చేసిన అర్దేషిర్ ఇరానీ పుణెలో జరథుష్ట్ర మతస్థుల ఇంట పుట్టినవాడు. ఆయన ఇంపీరియల్ ఫిల్ము కంపెనీలో పనిచేయుచున్న తెలుగువాడు హెచ్. ఎం. రెడ్డి. ఆ యేడే అక్టోబరులో తమిళ, తెలుగు పలుకులు కలగలిసిన 'కాళిదాసు' వచ్చినది. అటుపై అచ్చముగా తెలుగే పలికిన 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయ్యెను. కథ పోతనగారి భాగవతమునందు తెలుగువారు ప్రాణముగా చూచుకొన్నది. నటులు సురభి నాటక సమాజమువారు. సురభి కమలాబాయి లీలావతి, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. పాటలు ఖమ్మము సీమకు చెందిన చందాల కేశవదాసువి. ఇన్నియు తెలుగువారివే, పెట్టుబడియు, శబ్దయంత్రమును ఒక పారసీకునివి. వెండితెరపై తెలుగు నోరు విప్పినది ఆ ప్రాంగణమున.

ఇరానీ యనగానే హైదరాబాదు చాయ్ హోటళ్లు గుర్తునకు వచ్చుట సహజము. ఇచ్చట ఒక పొరపాటును దిద్దవలసియున్నది. బొంబాయిలో ఇరానీ హోటళ్లవారు పెక్కురు జరథుష్ట్ర మతస్థులే. హైదరాబాదులో మాత్రము వారిలో అత్యధికులు ఇరానునుండి వచ్చిన షియా ముస్లిములు. చాయ్ ఒకటే గాని కుదురు వేరు.

టాటాలను గురించి చెప్పనక్కరలేదు, అది అందరికి తెలిసినదే. శ్రీకాకుళము, విశాఖపట్టణపు పల్లెలనుండి జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమునకు పోయి అక్కడనే స్థిరపడిన తెలుగు కుటుంబములు వేలు. ఆ కర్మాగారము 1912లోనే ఎనిమిది గంటల పనిదినమును అమలుపరచినది. చట్టము దానిని దేశమంతటికి తెచ్చునప్పటికి 1948 వచ్చినది. ఇక మేడ్చల్ జిల్లాలోనే మౌలాలి చెంతనున్న ఎలక్ట్రానిక్సు కార్పొరేషను 1967లోను, అణు ఇంధన సముదాయము 1971లోను ఏర్పడినవి. రెండును హోమీ భాభా అను పార్సీ శాస్త్రజ్ఞుడు నాటిన అణుశక్తి వృక్షపు కొమ్మలు. 1966 జనవరి 24న ఆల్ప్సు పర్వతములలో జరిగిన విమాన ప్రమాదమున మరణించుటచే ఆయన వానిని చూడలేదు.

ఇంత చేసిన జాతి తరిగిపోవుచున్నది. 1951లో భారతదేశమున పార్సీలు 1,11,791 మంది. అరువదియేండ్లలో సగమునకు దిగిరి. ఆలస్యపు వివాహములు, అవివాహితులు, కొద్ది సంతానము, విదేశ ప్రవాసము కారణములందురు. 2013లో కేంద్రప్రభుత్వము ఈ జాతి వృద్ధికై ప్రత్యేక పథకమొకటి తెచ్చినది. కాని అసలు చిక్కు గడప వద్దనున్నది. రతన్‌జీ దాదాభాయి టాటా ఒక ఫ్రెంచి వనితను వివాహమాడి, ఆమెకు తమ మతదీక్ష ఇప్పించెను. ఆమెకు పార్సీ ధర్మసంస్థలలో హక్కు కలదా అను వ్యాజ్యమున 1908లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పినది. మతములో కలియుటకు శాస్త్రము అడ్డురాదట. కాని ఆ సంస్థలు పుట్టుకచే పార్సీలైన వారివట. తండ్రి పార్సీయైనచో బిడ్డలు లోపలివారు. తల్లి మాత్రమే పార్సీయైనచో బయటివారు. ఆ ఫ్రెంచి వనిత కుమారుడే జె. ఆర్. డి. టాటా. ఆడపిల్లకును నడుమున పవిత్రసూత్రము చుట్టిన మతము, ఆమె సంతానమునకు తలుపు మూయుటలోని వైరుధ్యమును ఆ సమాజములోని వారే ప్రశ్నించుచున్నారు. నిప్పు కలుషితమగునను భయము ఒక ప్రక్క. నిప్పు కాచువాడే మిగులడను భయము మరియొక ప్రక్క. ఇందు తీర్పు చెప్పుట బయటివారి పని కాదు. సంజాను షరతులలో వారు అన్నిటికి తలయొగ్గి, ఈ ఒక్కదానినే దక్కించుకొనిరన్న సంగతి మాత్రము మరువరాదు.

సికింద్రాబాదున పార్సీగుట్ట అను పేటకు ఆ పేరు వచ్చినది వారి మౌనమందిరమువలన. నేల, నీరు, నిప్పు మృతదేహముచే మైలపడరాదని శవమును పక్షులకు సమర్పించు ఆచారము వారిది. కొండచుట్టును ఇండ్లు క్రమ్ముకొన్నవి. రాబందులు మాయమైనవి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అను నొప్పిమందు వాని మూత్రపిండములను పాడుచేసెనని తేలి, 2006లో పశువైద్యమున దానిని నిషేధించునాటికే దేశమున రాబందులు నూటికి తొంబదికి పైగా నశించినవి. గొడ్డు నొప్పికి ఇచ్చిన మందు, వేల యేండ్ల అంత్యక్రియ నొకదానిని ఆపివేయునని ఎవరూహింతురు? కొన్ని నగరములలో పార్సీలు సూర్యకిరణములను కేంద్రీకరించు పలకలను వాడుచున్నారు. కొందరు దహనమునకు, ఖననమునకు ఒప్పుకొనుచున్నారు.

మహాత్మాగాంధీ రోడ్డు అగ్నిమందిరములో ఆచారము ప్రకారము దినమును అయిదు జాములుగా విభజించి, జామునకొకసారి పురోహితుడు గంధపుచెక్కలతో అగ్నిని పోషించును. అన్యమతస్థులకు లోపల ప్రవేశము లేదు. సూరారమునుండి పిల్లలను సికింద్రాబాదు తీసికొనిపోవు ఉపాధ్యాయులు గేటువద్దనే ఆగవలసియుండును. అయితే గేటు బయట నిలిచి, 1845 అను అంకె ప్రక్కన 1847 అను అంకెను పెట్టి పిల్లలకు చెప్పుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.